ఎవరూ నొక్కని బటన్

విజయదుర్గ కుదురుగా ఒకచోట కూర్చోగా చూశామని చెప్పేవాళ్ళు మా వైపు ఎవరూ లేరు. బడిలో ఉన్నప్పుడు బెంచీ చివర చోటు అడిగి మరీ తీసుకునేది, లేవడానికి వీలుగా ఉంటుందని. పెళ్ళిపీటల మీద పంతులుగారు మంత్రం మధ్యలో ఆపి, "కాస్త నిదానం తల్లీ, ముహూర్తం ఎక్కడికీ పారిపోదు" అనవలసి వచ్చింది. అన్నం నిలబడి తింటుంది, నడుస్తూ ఫోను మాట్లాడుతుంది. వాళ్ళాయన రావులపాలెం మార్కెట్లో అరటిగెలల వ్యాపారం చేస్తాడు. ఆయనకి నెమ్మది ఎక్కువ. ఆ కాపురం ఇన్నాళ్ళు సజావుగా నడిచింది ఆయన నెమ్మది వల్లేనని నా అభిప్రాయం.

అలాంటి మనిషికి దేవుడు పురపాలక సంఘంలో కుర్చీ ఉద్యోగం ఇచ్చాడు. కాంట్రాక్టు మీద, కంప్యూటర్ సెక్షన్లో. ఏ పురపాలక సంఘమని అడక్కండి. పేరు చెబితే అక్కడివాళ్ళకి కోపాలొస్తాయి. మావాళ్ళకి కోపం వచ్చినా మర్యాదగానే వస్తుంది కాబట్టి తట్టుకోవడం మరీ కష్టం. అంబాజీపేట నుంచి కొబ్బరి లారీలు బయటికి పోయే దారిలో ఉందనుకోండి, చాలు.

ఆ ఆఫీసుకి ఒక వెబ్‌సైటు ఉండేది. తెరవగానే ఒక పార్కు బొమ్మ కనిపించేది. ఆ పార్కు మా ఊళ్ళో లేదు. దాని కింద వరసగా అధికారుల ఫోటోలు. వాళ్ళలో సగంమంది బదిలీ అయిపోయారు, ఒకాయన రిటైరై మనవల్ని ఆడించుకుంటున్నాడు. ఆ తర్వాత "మా దార్శనికత" అని ఇంత పొడుగు వ్యాసం. దాన్ని చివరిదాకా చదివిన మనిషి ఎవరైనా ఉంటే చూపించండి, కాళ్ళకి దండం పెడతాను. కుళాయి నీళ్ళు ఎప్పుడొస్తాయో మాత్రం అందులో ఎక్కడా ఉండేది కాదు. "విభాగాలు" నొక్కి, "ఇంజనీరింగ్" నొక్కి, అక్కడున్న నంబరుకి ఫోను చేస్తే ఎవరిదో ఫోటో స్టూడియోకి పోయేది.

కొత్త కమిషనర్ సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు వచ్చాక దీన్ని మార్చి తీరాలన్నారు. కట్టే పని హైదరాబాదు కంపెనీకి ఇచ్చారు. ఊళ్ళో జనానికి ఏం కావాలో కనుక్కుని ఆ కంపెనీకి చెప్పే పని దుర్గకి అప్పగించారు. ఆమెకి కావలసింది కూడా అదే. కుర్చీ వదిలి తిరగమని సర్కారువారే ఉత్తర్వు ఇచ్చినట్టయింది.

చేపల మార్కెట్టు, బస్టాండు, కాలవగట్టు వీధులు అన్నీ చుట్టేసింది. "మున్సిపాలిటీతో మీకేం పని పడుతుందండీ?" అని కనిపించినవాళ్ళనల్లా అడిగింది. దార్శనికత కావాలని ఒక్కరూ అనలేదు. చెత్తబండి ఎందుకు రాలేదు, వీధిలైటు కాలిపోతే ఎవరికి చెప్పాలి, మురుగుకాలవ పూడిక ఎప్పుడు తీస్తారు, ఈ కుక్కల్ని పట్టుకెళ్ళేవాడే లేడా. అందరివీ ఇవే ప్రశ్నలు. దుర్గ విభాగాల పేర్లన్నీ పీకేయించి, జనం అన్న మాటల్నే బటన్లుగా పెట్టించింది. కుళాయి. చెత్తబండి. వీధిలైటు. కుక్కల బెడద.

కంపెనీలో ఈ పని చూసే కిషోర్ అనే ఇంజనీరు ఫోను చేసి, "మేడమ్, గవర్నమెంటు సైటులో 'చెత్తబండి' అంటే బాగుంటుందా?" అన్నాడు.

"వీధిలోకి వచ్చినప్పుడు దాన్ని చెత్తబండనే అంటామండీ కిషోర్ గారూ" అంది దుర్గ.

కమిషనర్ గారు చూసి తెగ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలుతోనే చిక్కు వచ్చి పడింది.

"ఇంత సులువైపోయాక ఇంక కిటికీ ఎందుకమ్మా?" అన్నారాయన.

కిటికీ అంటే ఆఫీసు వరండాలో పుట్టినవాళ్ళవీ పోయినవాళ్ళవీ పత్రాలు ఇచ్చే కౌంటరు. బంగారయ్య గారని సీనియర్ అసిస్టెంటు ఏళ్ళ తరబడి దాని వెనక కూర్చుంటున్నారు. సైటు మొదలయ్యాక కిటికీ మూసేసి, పత్రాలన్నీ ఫోన్లోనే ఇచ్చేసి, బంగారయ్య గారిని పన్నుల సెక్షన్‌కి పంపేయాలని కమిషనర్ గారి ఆలోచన. "జనం తమంతట తాము చేసుకోగలరో లేదో నువ్వే చూసి చెప్పు. నువ్వు ఊఁ అంటే మూసేద్దాం" అని ఆ నిర్ణయాన్ని దుర్గ నెత్తిన పెట్టి, ఆయన మీటింగుకి వెళ్ళిపోయారు. దుర్గ తొందరపడి ఊఁ అంటే, ఫోన్లో చేసుకోలేని మనిషికి వెళ్ళడానికి ఇంకో చోటు ఉండదు.

అందుకని పరీక్ష పెట్టింది. వరండాలోకి వచ్చినవాళ్ళ చేతికి తన ఫోను ఇచ్చి, "మీ పనేదో ఇందులో చేసుకోండి. నేనేం చెప్పను, చూస్తూ ఉంటానంతే" అనేది. కుళాయి, లైటు, కుక్కలు చకచకా నడిచిపోయాయి. పెద్దవాళ్ళు కూడా కళ్ళజోడు సవరించుకుని నొక్కేశారు. "జనన మరణ ధ్రువీకరణ పత్రాలు" అన్న బటన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం వేలు ఆగిపోయేది.

ముక్తేశ్వరం నుంచి ఒక పెద్దావిడ మనవడి పత్రం కోసం వచ్చింది. కోడలి కానుపు ఇక్కడి ఆస్పత్రిలోనే అయిందట. ఫోను తీసుకుంది, బటన్ చూసింది, ఒక నవ్వు నవ్వి ఫోను వెనక్కి ఇచ్చేసింది.

"అర్థం కాలేదాండీ?" అంది దుర్గ.

"ఆయ్, అర్థమైందండీ. చాలా బాగుందండీ."

"మరి నొక్కలేదేంటండీ?"

"ఆయ్, నొక్కుతామండీ. మా అబ్బాయి వచ్చేక నొక్కుతాడండీ."

అలా అని తిన్నగా వెళ్ళి బంగారయ్య గారి కిటికీ ముందు నిలబడింది.

ఆవిడ ఒక్కతే అయితే సరిపెట్టుకోవచ్చు. పసివాళ్ళ పత్రాలకని వచ్చినవాళ్ళంతా అదే వరస. "ఆయ్, బాగుందండీ" అనడం, కిటికీ దగ్గరికి పోవడం. మా గోదావరి వాళ్ళ "ఆయ్"తో వచ్చిన తంటా ఇది. విన్నానన్నా ఆయే, సరేనన్నా ఆయే, మీ మొహం చూసి కాదనలేక ఊరుకుంటున్నానన్నా ఆయే. ఏది ఏదో మొహం చూసి పట్టుకుందామంటే, మొహం నిండా నవ్వే. ఒక్కరైనా "ఇదేం బాలేదు" అని మొహాన అనరేమని దుర్గ పళ్ళు నూరుకుంది. పోయినవాళ్ళ పత్రాలకి వచ్చినవాళ్ళు మాత్రం ఆ బటనే మారు మాట్లాడకుండా నొక్కుతున్నారు. ఆ తేడా ఆమె కళ్ళెదుటే ఉంది. హడావుడి మనిషి కదా, పట్టుకోలేదు.

అక్షరాలు పెద్దవి చేయించింది. రంగు మార్పించింది. పైన ఉన్నదాన్ని కిందికి, కిందున్నదాన్ని పైకి తెప్పించింది. కిషోర్ "మేడమ్, ఈ ఒక్క బటన్‌కే నా ఉద్యోగం సరిపోతోంది" అని మొత్తుకున్నాడు. ఇంట్లో ఆమె గదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వీధిలోకి తిరుగుతూంటే, వాళ్ళాయన అరటిగెలల లెక్క మధ్యలో తలెత్తి, "నేను చూస్తున్న కాసేపట్లోనే కాకినాడ వెళ్ళొచ్చేంత దూరం నడిచేవు" అన్నాడు. ఆమెకి నవ్వు రాలేదు. కమిషనర్ గారు రోజూ "ఏమ్మా, ఊఁ అంటావా?" అని అడుగుతున్నారు. ఆమె రోజూ "రేపు చెప్తానండీ" అంటోంది.

ఆ ఆదివారం పొద్దున్న పుట్టింటికి వెళ్ళింది. చెల్లెలు సత్యప్రియ పురిటికి వచ్చి అక్కడే ఉంది, బారసాల కూడా అయింది. తల్లి కనకమహాలక్ష్మి పెరట్లో పీట వేసుకుని, పసిదాన్ని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని ఒంటికి నూనె రాస్తోంది. దుర్గకి కాసేపు ఊరికే ఉండడం చేతకాదు కదా, ఫోను తీసి, "దీని పత్రం పని ఇప్పుడే అయిపోతుంది చూడండి. ఇదిగో, జనన మరణ..." అని పైకి చదివింది.

"నోర్ముయ్యవే!" అంది తల్లి. కాళ్ళ మీద పిల్ల లేకపోతే లేచొచ్చి ఒకటి వేసేదే. "పసిగుడ్డుని ఎదురుగా ఎట్టుకుని పొద్దున్నే ఏం మాటలే అవి?"

"పత్రం పేరే అదమ్మా. ఆఫీసులో అలాగే అంటారు."

"ఆఫీసులో ఏవైనా అనుకోండి. పిల్ల పేరు తీసుకెళ్ళి దాని కింద రాయిస్తావేంటే? కన్నవాళ్ళెవరైనా రాయిస్తారా?"

దుర్గ బిగుసుకుపోయింది. వరండాలో ఆగిపోయిన వేళ్ళన్నీ వరసగా గుర్తొచ్చాయి. ముక్తేశ్వరం పెద్దావిడ నవ్వు గుర్తొచ్చింది. కిటికీ దగ్గర అయితే ఆ రెండు మాటలు ఎవరూ కలిపి చదవక్కర్లేదు. "బాబు పత్రం కావాలండీ" అంటే బంగారయ్య గారు "ఆయ్" అని రాసిచ్చేస్తారు, అంతే.

"మరి ఒక్కరూ నాతో ఆ మాట అనలేదేంటమ్మా? అడిగి అడిగి చచ్చేను."

"మళ్ళీనా!" అని తల్లి ఉరిమి చూసి, పాప నుదురు నిమిరి, గొంతు తగ్గించింది. "ఎలా చెప్తారే? నీకు చెప్పాలంటే ఆ మాట వాళ్ళ నోటితో అనాలి కదా."

దుర్గ పెరట్లోనే అటూ ఇటూ నడుస్తూ కిషోర్‌కి ఫోను చేసింది. బటన్ని రెండుగా విడగొట్టాలంది. "ఎలా మేడమ్? చట్టం ఒకటే, రిజిస్ట్రారు ఒకరే" అన్నాడతను. "మీ అమ్మగారిని ఒక మాట అడిగి చూడండి" అని ఫోను పెట్టేసింది. మర్నాడు పొద్దున్నే అతనే ఫోను చేసి, "విడగొట్టేద్దాం మేడమ్" అన్నాడు. ఇంట్లో ఎన్ని అక్షింతలు పడ్డాయో చెప్పలేదు.

రెండు పేజీలయ్యాయి. ఒకదానికొకటి కనిపించనంత దూరంలో పెట్టించింది. పోయినవారి పేజీలో బొమ్మలేం లేవు, కావలసిన వివరాలు మాత్రమే. పుట్టినవారి పేజీ మీద మాత్రం దుర్గ తన సంబరమంతా కుమ్మరించింది. "మీ ఇంట బిడ్డ పుట్టిందా? శుభాకాంక్షలు!" అని రంగురంగుల అక్షరాలు. దాని కింద పూలు కట్టిన ఊయల. పేజీ తెరిస్తే ఆ ఊయల మెల్లగా ఊగుతుంది కూడా. ఫోను మళ్ళీ జనం చేతికి ఇచ్చి చూసింది. అమ్మమ్మలు, నాయనమ్మలు ముచ్చటపడి రెండోసారి కూడా తెరిచి చూసుకున్నారు. ఒక్క వేలూ ఆగలేదు.

దుర్గ కమిషనర్ గారికి ఊఁ అనేసింది.

కిటికీకి తాళం పడింది. దాని మీద "ఈ సేవ ఇప్పుడు మీ ఫోన్లోనే" అని కాగితం అంటించారు. బంగారయ్య గారు కుర్చీలో వేసుకునే మెత్త చంకన పెట్టుకుని పన్నుల సెక్షన్‌కి వెళ్ళారు. ఆ పూట దుర్గ కూర్చుని అన్నం తిన్నదని వాళ్ళాయన మార్కెట్లో నలుగురికీ చెప్పుకున్నాడు.

ఆ తర్వాతి వారం జోజి అనే అతను వచ్చాడు. కాలవ అవతల పేటలో ఉంటాడు, ఆటో నడుపుతాడు. మూసిన కిటికీ ముందు చేతులు కట్టుకుని, అది తెరుచుకుంటుందేమో అన్నట్టు నిలబడి ఉన్నాడు. బంగారయ్య గారు అటుగా పోతూ చూసి, దుర్గ దగ్గరికి తీసుకొచ్చారు.

"ఏం పత్రం కావాలండీ?" అంది దుర్గ.

"రెండూ కావాలండీ."

"రెండు కాపీలాండీ?"

"కాదండీ. పుట్టినట్టు ఒకటి, పోయినట్టు ఒకటండీ. ఒక్క పాపకేనండీ. వారం రోజులుందండీ, ఆస్పత్రిలో గాజుపెట్టెలో."

ఏదో ఒకటి అడగాలి కాబట్టి దుర్గ, "ఫోన్లో చూసేరాండీ?" అంది.

"ఆయ్, చూసేమండీ. పేజీ చాలా బాగుందండీ" అన్నాడు జోజి. తర్వాత నేల చూపులు చూస్తూ చెప్పాడు. "మా మాణిక్యం, అంటే మా ఆవిడండీ, తనే తెరిచిందండీ, పాప పేరు రాయిద్దామని. ఆ ఊయల ఊగుతుంది కదండీ. అది చూసి ఫోను కింద పెట్టేసి లోపలికెళ్ళిపోయిందండీ. అప్పట్నుంచి సరిగ్గా మాట్లాడ్డం లేదు. ఊయల లేకుండా ఎక్కడైనా రాయించుకోవచ్చేమోనని వచ్చేనండీ. వీలుంటేనేనండీ."

ఆ "వీలుంటేనే" అన్న మాట దుర్గకి సూటిగా తగిలింది. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. ఊరంతా తిరిగి అందరినీ అడిగాననుకుంది. ఇలాంటి ఇల్లు ఒకటి ఉంటుందని ఆమెకి తట్టనే లేదు. బిడ్డ పుట్టిన ప్రతి ఇంట్లోనూ ఊయల ఊగుతుందని ఎలా అనుకుంది? తను కష్టపడి విడదీసిన ఆ రెండు మాటలూ ఈ ఒక్క ఇంట్లో ఒకటే. పాత బటన్ అయితే మాణిక్యాన్ని ఏమీ చేసి ఉండేది కాదు.

అక్కడికక్కడే కిషోర్‌కి ఫోను చేసి ఊయల, శుభాకాంక్షలు తీయించేసింది. జోజిని కూర్చోమని, కమిషనర్ గారి గదిలోకి వెళ్ళింది.

"కిటికీ తెరవాలండీ."

"అదేంటమ్మా? నువ్వే కదా ఊఁ అన్నావు?"

"అన్నానండీ. తప్పు నాదేనండీ" అని జోజి సంగతి చెప్పింది.

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "పాపం. కానీ ఒక్కరి కోసం మొత్తం..."

"ఆ ఒక్కరూ ఎవరో మనకి ముందు తెలీదు కదండీ. వాళ్ళకి ఫోన్లో కుదరకపోతే మనిషి మొహం చూసి అడిగేవాళ్ళు ఒకరుండాలండీ. సైటు ఉంచండి, కిటికీ కూడా ఉంచండి. మూయడానికి నేనింక ఊఁ అననండీ."

సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు చెడ్డాయన కాదు. కాసేపు గడ్డం రుద్దుకుని, తాళం చెవి బంగారయ్య గారి దగ్గరే ఉందని చెప్పారు.

కిటికీ మీది కాగితం చింపి తలుపు తీశారు. బంగారయ్య గారు మెత్త వేసుకుని కూర్చుని, జోజి తెచ్చిన ఆస్పత్రి కాగితాలు చూశారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"పాప పేరు?" అన్నారు.

జోజి తల దించుకున్నాడు. "మాణిక్యానికే తెలుసండీ. కడుపుతో ఉన్నప్పుడే మనసులో అనుకుందంట. ప్రార్థన మందిరంలో అందరి ముందూ చెప్తానందండీ. ఇప్పుడు కాయితం మీద ఏం రాయించమంటావని అడిగితే అటు తిరిగి పడుకుంటుందండీ."

"పేరు లేకుండా కూడా ఇవ్వొచ్చు బాబూ. తర్వాతైనా రాయించుకోవచ్చు."

"వద్దండీ. పేరుతోటే కావాలండీ. తను అడిగింది అదొక్కటేనండీ."

దుర్గ జోజి ఆటోలోనే కాలవ దాటి వాళ్ళింటికి వెళ్ళింది. మాణిక్యం గుమ్మంలో స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో చాట, చాటలో బియ్యం, చెయ్యి మాత్రం కదలడం లేదు. దుర్గ దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ వదిలేసింది.

"నేను మున్సిపాలిటీలో పని చేస్తానమ్మా. ఆ పేజీ రాసింది నేనే. ఊయల పెట్టించింది కూడా నేనే."

మాణిక్యం తలెత్తి ఆమెని ఎగాదిగా చూసింది.

"అదేం బాలేదండీ" అంది.

జోజి కంగారుపడి ఏదో సర్దబోయాడు. దుర్గ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. ఆ మాట పడడం కష్టంగానే ఉంది. కానీ ఇన్నాళ్ళకి ఒక మనిషి తనకి నిజం చెప్పింది.

"తీయించేసేనమ్మా. అక్కడ ఇప్పుడు ఏం రాయాలో నాకు తెలీడం లేదు. నువ్వే చెప్పు."

మాణిక్యం చాట తీసి పక్కన పెట్టింది.

"ఏం రాయక్కర్లేదండీ. సంతోషమూ వద్దు, ఓదార్పూ వద్దు. ఆస్పత్రిలో బరువెంతని అడిగేరు, మంచం నంబరు అడిగేరు. మందిరంలో ఎన్ని రోజులుందని అడిగేరు. మీ దాంట్లో ఆధార్ అడిగేరు. ఈయన కాయితం మీద ఏం రాయించాలని అడిగేరు. మీ పాప పేరేంటని మాత్రం ఒక్కరూ అడగలేదండీ."

దుర్గ ఆమె పక్కన గుమ్మంలో కూర్చుంది.

"మీ పాప పేరేంటమ్మా?"

"కృపామణి అండీ" అంది మాణిక్యం. ఇంకోసారి, కాస్త గట్టిగా అంది. తర్వాత అడక్కుండానే చెప్పుకుపోయింది. చెవులు మా అత్తగారివండీ, వేళ్ళు పొడుగండీ, వేలు అందిస్తే గట్టిగా పట్టుకునేదండీ అని.

గుమ్మం బయట నిలబడ్డ జోజి ఆ పేరు వినడం అదే మొదటిసారి.